కట్టయ్య చేతి జీళ్లు

కట్టయ్యకు జీళ్ల పని పుట్టుకతో రాలేదు, పెళ్లితో వచ్చింది. మరిపెడ అవతల ఒక పల్లెలో పసులు కాసుకుంటూ పెరిగినవాడు, మీసాలు సరిగా రాకముందే నర్సింహులపేట దగ్గరున్న చంద్రయ్య ఇంటికి ఇల్లరికం వచ్చాడు. చంద్రయ్యకు కొడుకులు లేరు. సోమక్క ఒక్కతే బిడ్డ. ఆ ఇంటికి ఉన్న ఆస్తల్లా ఒక ఇత్తడి గంగాళం, నున్నటి నల్లరాతి బండ, వాకిట్లో పాతిన గుంజ, ఆ గుంజకు దిగ్గొట్టిన కొయ్య మేకు.

జీడి తమ ఇంట్లోనే పుట్టిందని చంద్రయ్య చెప్పుకునేవాడు. వాళ్ల నాయినమ్మ ఒకనాడు నువ్వుల ముద్దలకని బెల్లం పాకం పెట్టిందట. పక్కింట్లో కోడలికి నొప్పులొస్తున్నాయంటే అటు పరుగెత్తింది. వచ్చి చూసేసరికి పాకం ముదిరిపోయి, ముద్దలు కట్టడానికి పనికిరాకుండా పోయింది. పారబోయడానికి మనసొప్పక బండ మీద గుమ్మరించింది. కొంచెం ఆరాక ఎత్తి, కోపం కొద్దీ గుంజకేసి కొట్టింది. అది మేకుకు చిక్కుకుని కిందికి సాగింది. ఎత్తి మళ్లీ తగిలించింది. మళ్లీ సాగింది. సాగినకొద్దీ నలుపు విరిగి తేనె రంగు వచ్చింది. ఇంకా లాగితే ఆ తేనె రంగు కూడా పోయి తెల్లబడింది. కొరికి చూస్తే పటుక్కున విరిగి, నోట్లో నెమ్మదిగా కరిగింది.

"గట్ల పుట్టింది మా ఇంట్ల జీడి" అనేవాడు చంద్రయ్య. లోకంలో జీళ్లు అంతకు ముందు నుంచే ఉన్నాయని ఆయనకూ తెలుసు. అయినా ఆ కథ చెప్పకుండా అల్లుడికి పని మొదలుపెట్టించలేదు.

పని చూడ్డానికి తేలిక. బెల్లం కరిగించి, వడగట్టి, మళ్లీ కాచి, చుక్క నీళ్లలో వేస్తే టక్కుమనేదాకా పాకం పట్టాలి. నూనె రాసిన బండ మీద పోసి, అంచులు లోపలికి మడుస్తూ ముద్ద చేసి, మేకుకు తగిలించి లాగాలి. తెల్లబడ్డాక తాడులా సాగదీసి, నువ్వుల్లో పొర్లించి, కత్తెరతో తుంచాలి. కష్టమంతా ఆ ముద్దను పట్టుకోవడంలోనే ఉంది. వేడి తగ్గేదాకా ఆగితే అది రాయవుతుంది. ఆగకుండా పడితే చెయ్యి కాలుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాసింత సేపే జీడికి అదను.

మొదట్లో కట్టయ్య చేతులు ప్రతిసారీ బొబ్బలెక్కేవి. ముద్దను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ గెంతేవాడు. సోమక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

"నవ్వకే, జర నీళ్లు తే."

"నీళ్లల్ల ముంచితే జీడి ఒస్తదా? బొబ్బలు ఒస్తయ్" అనేది ఆమె. తండ్రి దగ్గర పని నేర్చిన పిల్ల.

చంద్రయ్య పోయాక పనంతా కట్టయ్య మీదే పడింది. కొన్నేళ్లకు చేతులు గట్టిపడ్డాయి. గెంతడం మానేశాడు. నీళ్ల ముంత అవసరం కూడా తగ్గింది. పనిమంతుడయ్యాడని ఊరు అనుకుంది. అతనూ అదే అనుకున్నాడు.

అరవై తొమ్మిదిలో ఊళ్లన్నీ ఉడికిపోతున్నాయి. బడులు మూతబడ్డాయి, బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. పట్నం చదువులకు పోయిన పిల్లలు ఊళ్లకు తిరిగొచ్చి జై తెలంగాణ అంటూ ఊరేగింపులు తీస్తున్నారు. అలాంటి ఒక అంగడి రోజున కట్టయ్య మరిపెడలో పొయ్యి పెట్టుకుని పాకం కాస్తున్నాడు. పోలీసులొస్తున్నారని ఎవరో కేకవేశారు. వచ్చారో లేదో చూసినవాళ్లు లేరు గానీ అంగడంతా ఒక్కసారిగా పరుగుపెట్టింది. జనం తోసుకుంటూ పొయ్యి మీదికే వస్తున్నారు. ఒక ముసలమ్మ తట్టుకుని గంగాళం పక్కనే పడింది. కట్టయ్య గుడ్డకోసం వెతకలేదు. ఉడుకుతున్న గంగాళాన్ని రెండు చేతులతో ఎత్తి, పక్కకు నడిచి, అరుగు మీద పెట్టాడు.

జనం సర్దుకున్నాక పిల్లలు అతని చుట్టూ చేరారు. "కట్టన్నా, నీకు నిప్పు గూడ భయపడ్తది" అన్నాడు ఒకడు. ఇంకొకడు అతని చెయ్యెత్తి జై కొట్టాడు. కట్టయ్య సిగ్గుపడి నవ్వాడు.

ఇంటికొచ్చాక సోమక్క ఆ చేతులు చూసింది. అరచేతుల నిండా నీటి బొబ్బలు. ఒకటి చిట్లి తోలు వేలాడుతోంది.

"ఇంత కాలినంక నొస్తలేదా?"

"ఏం నొస్తలేదే. గట్టిపడ్డయ్ చేతులు. మీ నాయినకు గూడ గింత గట్టి చేతులు లేవు."

గర్వంగానే అన్నాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లు కట్టయ్య జీళ్లకు ఎదురులేదు. మిగతావాళ్లు ఆగే చోట అతను ఆగేవాడు కాదు. పాకం బండ మీద పడీ పడకముందే చేతిలోకి తీసుకునేవాడు. వేడి మీద లాగిన జీడి పాలలా తెల్లగా, గుల్లగా వచ్చేది. శివరాత్రికి కురవి జాతరలో అతని చుట్టూ మూగిన జనం జీళ్ల కోసం కొంత, అతను నిప్పులాంటి ముద్దను పట్టుకోవడం చూడ్డానికి కొంత వచ్చేవాళ్లు. వాళ్ల బిడ్డ కౌసల్య అప్పటికి చంటిపిల్ల. తండ్రి మేకుకు ముద్ద తగిలించినప్పుడల్లా చప్పట్లు కొట్టేది.

సోమక్కకు మాత్రం లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. కాలి చెప్పు ఊడి దారిలో పడిపోయినా కట్టయ్యకు తెలిసేది కాదు. బీడీ చివరిదాకా కాలిపోయి, చేతి వేళ్ల సందున మాంసం వాసన వచ్చేదాకా పారేసేవాడు కాదు. వీపు మీద రూపాయంత మచ్చ ఒకటి పాలిపోయి, రోజురోజుకూ పెరుగుతోంది.

ఒకరోజు అన్నం తిని అతను అరుగు మీద పడుకున్నాడు. చెయ్యి పక్కకు వాలి ఉంది. సోమక్క దడి లోంచి తుమ్మముల్లు ఒకటి తెంపుకొచ్చి పక్కన కూర్చుంది. అరచేతిలో మెల్లగా ఆనించింది. కదల్లేదు. ఇంకొంచెం నొక్కింది. నెత్తురు చుక్క బయటికొచ్చింది. కట్టయ్య గుర్రు ఆగలేదు.

ఆమె ముల్లు పారేసి ఇంటి వెనక్కి పోయి కూర్చుంది. చిన్నప్పుడు మేనమామను చూసింది. ఊరి బయట చెలకలో గుడిసె వేసి ఆయన్ను అందులో ఉంచారు. తల్లి గిన్నె తీసుకెళ్లి రాయి మీద పెట్టి, దూరం జరిగి, "అన్నా, తిను" అనేది. ఆయన గిన్నెను రెండు మణికట్ల మధ్య పట్టుకుని తినేవాడు. ఆ రోగానికి ఊళ్లో పేరు పెట్టరు. పెద్దరోగం అంటారు, అంతే.

ఆ సాయంత్రం సోమక్క నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. పైకి అంటే అది నిజమైపోతుందన్నట్టు ఆ మాటను మింగి కూర్చుంది. ఎక్కువ పనులు తన మీద వేసుకుంది. "నేను గుంజుత, నువ్వు కత్తిరియ్యి" అనేది. అతను వినేవాడు కాదు.

డెబ్బై నాలుగులోనో అయిదులోనో, సర్కారు తరఫున కుష్టు రోగాన్ని వెతికే పని మీద ఎల్లస్వామి అనే అతను ఆ ఊరికి వచ్చాడు. జనగామ వైపు మనిషి. సైకిల్, భుజాన సంచి, మెత్తటి మాట. ఇంటింటికీ తిరిగి ఒంటి మీద మచ్చలు చూస్తున్నాడు. కట్టయ్య చొక్కా విప్పి కూర్చోగానే ఎల్లస్వామి మొహం మారింది. అయినా తొందరపడలేదు. సంచిలోంచి కోడి ఈక తీశాడు.

"కండ్లు మూసుకో అన్నా. ఈక తాకిన కాడ వేలు పెట్టి సూపియ్యి."

మెడ మీద తాకించాడు. కట్టయ్య చూపించాడు. భుజం. చూపించాడు. వీపు మీది మచ్చ దగ్గర తాకిస్తే వేలు కదల్లేదు. తర్వాత ఎల్లస్వామి ముందుకొచ్చి అతని అరచేతులు తన మోకాళ్ల మీద చాపించుకున్నాడు. ఈకతో ఒక చేతిని రాశాడు, రెండో చేతిని రాశాడు. మళ్లీ మొదటి చేతిని రాశాడు.

కళ్లు మూసుకునే ఉన్న కట్టయ్య నవ్వుతూ అడిగాడు. "పెట్టు సారూ, ఇంకెప్పుడు పెడ్తవ్?"

ఎల్లస్వామి ఈకను సంచిలో పెట్టేశాడు. "పెట్టిన అన్నా."

గడప దగ్గర నిల్చున్న సోమక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆనాటి నుంచి తెల్ల మందు గోలీలు మొదలయ్యాయి. ఎల్లస్వామి మంచివాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు, చెప్పలేదు కూడా. కానీ నెలకోసారి అతని సైకిల్ ఆ ఊరికి రావాలి, కట్టయ్య ఇంటికే రావాలి. సైకిల్‌ను దూరంగా చావడి దగ్గర పెట్టి నడిచొచ్చేవాడు. చీకటి పడకముందే వెళ్లిపోయేవాడు. ఆ సైకిల్ ఎవరిదో, ఎందుకు తిరుగుతుందో చుట్టుపక్కల ఊళ్లకంతా తెలుసు. గోలీలు తెచ్చే చక్రాలే కబురునూ మోసుకొచ్చాయి. మందు మానేస్తే రోగం ముదురుతుంది. మందు తీసుకుంటే రోగం బయటపడుతుంది. కట్టయ్యకు మూడో దారి దొరకలేదు.

"ఇగ పాకం ముట్టకన్నా. కాలినా నీకు తెల్వది. పుండ్లయితే వేళ్లు దక్కయ్" అని ఎల్లస్వామి చెప్పి చూశాడు.

"ముట్టకుంటే ఏం తినాలె సారూ? నాకొచ్చింది గిదొక్కటే."

ఆ యేడు మాఘంలో దగ్గరి పల్లె ఒకదాంట్లో చిన్న జాతర జరిగింది. కట్టయ్య చేతులకు గుడ్డలు చుట్టుకుని వెళ్లాడు. గుంజ పాతి పని మొదలుపెట్టాక గుడ్డలతో ముద్ద జారుతోంది. విప్పేశాడు. పొద్దున అమ్మకం బాగానే సాగింది. మధ్యాహ్నానికి జనంలో గుసగుస మొదలైంది. అది ఎక్కణ్నుంచి పుట్టిందో తెలియదు. ఒక తల్లి వచ్చి బిడ్డ నోట్లో వేలుపెట్టి జీడిని బయటికి లాగింది. "ఉమ్మెయ్ బిడ్డా, ఉమ్మెయ్." ఆమెను చూసి ఇంకొకామె. ఏడుస్తున్న పిల్లల మూతులు కొంగులతో తుడుస్తున్నారు. నేల మీద నువ్వులంటిన తెల్లటి ముక్కలు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ గట్టిగా తిట్టలేదు. అతని చుట్టూ చోటు మాత్రం వెడల్పయింది.

ఏటా అతని దగ్గర జీళ్లు తీసుకుపోయే పోశమ్మ అనే ముసలామె ఆ ఖాళీలోకి నడిచొచ్చింది. కోపం కూడా లేదు ఆమె గొంతులో.

"కట్టయ్యా, నా మనుమనికి పండ్లు రాంగనే నీ చేతి జీడే తినవెట్టిన గదరా. నువ్వు జెప్పాలె గద నాయినా."

కట్టయ్య విప్పిన గుడ్డలు మళ్లీ చేతులకు చుట్టుకోసాగాడు. సోమక్క గంగాళంలో మిగిలిన పాకాన్ని అక్కడే మన్నులో ఒంపేసి, "లే, పోదాం" అంది.

ఇంటికొచ్చాక అతను రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎల్లస్వామి రాగానే మొదట అడిగిన మాట ఒక్కటే. "సారూ, నా జీళ్లు తిన్న పోరగాండ్లకు గిది అంటుకుంటదా? నిజం జెప్పు. ఎన్ని ఊర్ల పిల్లలు తిన్నరో నాకే తెల్వది."

"అంటుకోదన్నా. గంత వేడి పాకంల ఏం బతుకుతది? తిండితోటి రాదది. నువ్వు గోలీలు మింగుతున్నవ్, నీతోటి ఎవ్వరికి భయం లేదు."

"నాకు జెప్పినట్టె ఊరికి జెప్తవా?"

ఎల్లస్వామి చెప్పాడు. చావడి దగ్గర నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాడు. కట్టయ్య చేసిన జీడి తెప్పించుకుని అందరి ముందూ నమిలి మింగాడు. జనం చూశారు. "సర్కారు జీతం తినేటోడు జీడి తినడా?" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వి లేచిపోయారు.

సోమక్క తానే పాకం పట్టి, తానే లాగి, తల మీద గంప పెట్టుకుని ఊళ్లు తిరిగింది. ఎవరూ గంప దించమనలేదు. నాట్లకు పోతే మళ్లో దిగనిచ్చారు గానీ సద్ది తినేవేళ గట్టు మీద వేరుగా కూర్చోమన్నారు. నీళ్లు పైనుంచి దోసిట్లో పోశారు. కౌసల్య పేరు బడిలో ఉండేది. పక్కన కూర్చునే పిల్లలు లేక, కొన్నాళ్లకు తనే మానేసింది. కట్టయ్య ఇదంతా అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఎవరి మీదా కోప్పడేవాడు కాదు. "నేనైనా గట్లనే జేద్దును" అన్నాడు ఒకసారి భార్యతో. ఆ మాటకు సోమక్క ఏడ్చినంతగా ఊరు అన్న మాటలకు ఎన్నడూ ఏడవలేదు.

వేళ్లు మెల్లమెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. మొదట చిటికెన వేలు, తర్వాత పక్కది. బొత్తాలు పెట్టుకోలేడు. ముద్ద కలుపుకోలేడు. ఎనభైల్లో కొత్త మందులొచ్చాయి. వాటిని మింగాల్సినన్నాళ్లు మింగాక ఎల్లస్వామి ఒకరోజు సంతోషంగా వచ్చాడు.

"రోగం పోయిందన్నా. ఇగ గోలీలు అవుసరం లేదు."

కట్టయ్య రెండు చేతులూ ముందుకు చాపాడు. "ఇవి?"

ఎల్లస్వామి తల వంచుకున్నాడు. "వేళ్లు తిరిగి రావన్నా."

అంటే, రోగం పోయినా పోయిందని చూపించడానికి అతని దగ్గరున్నవి ఆ చేతులే. వాటిని చూసినవాళ్లెవరూ నమ్మరు.

భూపాలపల్లి వైపు అడవిలో బొగ్గు బాయిలు పడుతున్నాయనీ, ఎక్కడెక్కడి జనమో వచ్చి గుడిసెలేసుకుంటున్నారనీ విని సోమక్కే నిర్ణయం తీసుకుంది. "అక్కడ మనల ఎరికైనోడు ఉండడు" అంది. ఇల్లు వదిలి, గంగాళం బస్సు మీద వేసి బయల్దేరారు. కట్టయ్య వెనక సీట్లో చేతులు తువ్వాలలో చుట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాయన బీడీ ఇవ్వబోతే వద్దని తలూపాడు. చాలా ఏళ్ల తర్వాత ఒకరు అతనికి ఏదైనా ఇవ్వబోవడం అదే మొదలు.

కొత్త గుడిసెకు ఒక కట్టుబాటు ఏర్పడింది. అది ఎవరూ పైకి అనలేదు. బేరం నడిచేటప్పుడు కట్టయ్య లోపలే ఉండాలి. సోమక్కకు అప్పటికే నడుము పట్టేసింది, లాగలేకపోతోంది. కౌసల్యకు నేర్పాలి. తడిక సందులోంచి చూస్తూ అతను నేర్పాడు.

"రంగు సూడకు, సప్పుడు ఇను. బుడగలు పెద్దగయి మెల్లగ పల్గుతయ్. అయినంకనే దించాలె... ఇగ మడువు. ఇగ పట్టు బిడ్డా, పట్టు."

"కాలుతుంది నాయినా!"

అతను తడికకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"కాలుతుందా? రెండు చేతులు కాలుతున్నయా?"

"కాలుతున్నయ్!"

"కాలనియ్ తల్లీ. నీళ్లల్ల ముంచుకో. మెల్లగనే పట్టు" అన్నాడు. సోమక్క లోపలికొచ్చి చూస్తే అతని మొహం ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పిల్ల మొదట్లో బెల్లం చాలా పాడుచేసింది. ముద్ద ఆమె చేతుల్లో గట్టిపడిపోతుంటే కట్టయ్య ముడుచుకున్న చేతులతో గాలిలో లాగేవాడు. "జల్ది, జల్ది" అనేవాడు. ఒక్క అడుగు బయటికి వేస్తే సరిపోయేది. వేసినా ఆ వేళ్లతో చేసేదేమీ లేదు. ఒక చలికాలం గడిచేసరికి కౌసల్య చెయ్యి తిరిగింది. తండ్రి జీడంత తెలుపు రాకపోయినా బాయి మీది జనానికి అది చాలు. పిల్లలు రావడం మొదలైంది. షిఫ్టు దిగిన కూలీలు కాగితంలో పొట్లాలు కట్టించుకుపోయేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యవయసు మనిషి ఒకాయన ఆగి, ఒక ముక్క నోట్లో వేసుకుని నమలకుండా అలాగే నిలబడ్డాడు. కౌసల్యను ఎగాదిగా చూశాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

ఆమె తల వంచుకుని నువ్వులు సర్దింది.

"నాది మరిపెడ కాడ. బాయిల పనికొచ్చిన. నర్సింహులపేట దిక్కు కట్టయ్యని ఉండె, గిట్లనే జేస్తుండె జీళ్లు. అరవై తొమ్మిదిల మసులుతున్న గంగాళమెత్తంగ నేను కండ్లార సూసిన, అప్పుడు పోరగాణ్ణి. నువ్వు కట్టయ్య బిడ్డవే గదా? మీ అవ్వ పోలికలే. నాయిన ఎట్లున్నడు?"

వాకిట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పిల్లలతో నిల్చుని ఉన్నారు. కౌసల్య వాళ్ల వైపు చూసింది. తడిక వైపు చూడలేదు.

"సచ్చిపోయిండు" అంది.

"అయ్యో" అన్నాడాయన. "మంచోడు. ఏదో రోగమొచ్చిందని ఊర్లల్ల గాయిగాయి జేసిండ్రు. అసొంటి జీడి మళ్ల తినలే." ఒక పొట్లం కట్టించుకుని, కౌసల్య తల నిమిరి వెళ్లిపోయాడు.

లోపల కట్టయ్య ప్రతి మాటా విన్నాడు. దగ్గొస్తే తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాకిట్లో జనం పోయాక కౌసల్య లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. సోమక్క ఏమైందని అడిగింది.

"మంచిగనే జెప్పినవ్ బిడ్డా" అన్నాడు కట్టయ్య చివరికి. "ఇంకేం జెప్తవ్?"

ఆమె తండ్రి చేతుల మీద మొహం పెట్టి ఏడ్చింది. కన్నీళ్లు ఆ అరచేతుల్లోంచి కారి మణికట్టు దాటి ముంజేతుల మీదికి జారాక గానీ అతనికి తడి తెలియలేదు.

కట్టయ్య ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఆ గుడిసెలోనే బతికాడు. పాకం ఎప్పుడు దించాలో లోపలినుంచి చెబుతూనే ఉన్నాడు, కాకపోతే గొంతు బాగా తగ్గించి. పోయిననాడు పాడె ఎత్తడానికి పక్క గుడిసెల వాళ్లు నలుగురొచ్చారు. కౌసల్యకు తండ్రి ఉన్నాడని వాళ్లకు ఆ రోజే తెలిసింది.